మెకంజీలో, మెక్‌డొనాల్డ్‌లో ఉన్న ఆ 'కొడుకు' ఎవరు?

ఊళ్ళో కొత్తగా వేసిన డబ్ల్యూబీఎం రోడ్డు, ఐటీ కుర్రాడి బల్ల మీద మ్యాక్‌బుక్, మాల్‌లో మెక్‌డొనాల్డ్స్, స్థానిక చరిత్ర రాసేవాళ్ళు పదేపదే తిరగేసే మెకంజీ కైఫీయత్తులు, ఇంగ్లిషు మీడియం గొడవ లేచినప్పుడల్లా తిట్లు తినే మెకాలే. ఈ ఐదింటికీ ఒకదానితో ఒకటి పోలిక లేదు, ఒక్క చిన్న మాట తప్ప. డబ్ల్యూబీఎంలో చివరి ఎం అంటే మెకాడమ్, అదీ ఒక మనిషి పేరే. వీటన్నిటి మొదట్లో ఉన్న మెక్, మ్యాక్, మెకా ఒకే మాట నుంచి వచ్చాయి. గేలిక్ భాషల్లో ఆ మాట 'మాక్', దాని అర్థం కొడుకు.

ఇంతవరకు చాలామంది ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. అంతగా ఎవరూ చెప్పనిది ఏమిటంటే, ఇంగ్లిషు పేర్ల ముందు రాయిలా గడ్డకట్టుకుపోయిన ఈ మాట గేలిక్‌లో మాత్రం ఈ రోజుకీ మామూలు నామవాచకమే. విభక్తి తగిలితే రూపం మారుతుంది, పిలిస్తే ఇంకోలా మారుతుంది, కూతురి పేరులో అయితే వేరే మాటలో కలిసిపోయి గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. తెలుగు వ్యాకరణం బళ్ళో చదువుకున్నవాళ్ళకి ఇదంతా వింతగా అనిపించదు, పైగా ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

గేలిక్ అంటే ఒక భాష కాదు, మూడు: ఐర్లండ్‌లో ఐరిష్, స్కాట్లాండ్ పడమటి దీవుల్లోనూ కొండ ప్రాంతాల్లోనూ స్కాటిష్ గేలిక్, ఆ రెండు దేశాల మధ్య సముద్రంలో ఉన్న మ్యాన్ అనే చిన్న దీవిలో మాంక్స్. మూడూ పాత ఐరిష్ నుంచి చీలినవే. మాంక్స్‌ని తల్లి ఒడిలో నేర్చుకున్న చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో చనిపోయాడు, ఇప్పుడు అక్కడ పిల్లలకి మళ్ళీ నేర్పుతున్నారు. ఐర్లండ్‌లో ఐరిష్ వచ్చు అని 2022 జనగణనలో చెప్పినవాళ్ళు 18 లక్షల పైమాటే, కానీ బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు సుమారు 72 వేలు. మూడు భాషల్లోనూ కొడుకుని మాక్ అనే అంటారు, స్కాట్లాండ్ వాళ్ళు పలికినప్పుడు మధ్యలో కాస్త ఊపిరి వదిలినట్టు 'మహ్క్' అని వినిపిస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. గేలిక్ భాషలు కూడా సంస్కృతం, ఇంగ్లిషు, లాటిన్ ఉన్న ఇండో-యూరోపియన్ కుటుంబంలోవే. ఆ కుటుంబంలో కొడుకుకి బాగా పాత మాట ఒకటుంది, సంస్కృతంలో అది సూను. పద్యాల్లో హనుమంతుణ్ణి పవనసూనుడు అంటారు కదా, ఆ సూనుడే. ఇంగ్లిషు 'సన్', లిథువేనియన్ 'సూనుస్' దాని అన్నదమ్ములు. గేలిక్ వాళ్ళు మాత్రం ఈ పాత మాటని ఎప్పుడో వదిలేసి మాక్ పట్టుకున్నారు. భాషావేత్తలు దీని పూర్వరూపాన్ని 'మక్వోస్' అని కడతారు. పవనసూనుడిలోని మాట లండన్‌లో బతికి, డబ్లిన్‌లో చచ్చిపోయిందన్నమాట.

ఈ మక్వోస్ ఊహ గాలిలో కట్టింది కాదు, రాళ్ళ మీద సాక్ష్యం ఉంది. ఐర్లండ్ దక్షిణాన కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ జిల్లాల్లోనూ, సముద్రం దాటి వేల్స్‌లోనూ నిలువురాళ్ళ అంచుల మీద గీతలు గీతలుగా చెక్కిన రాత కనిపిస్తుంది. దాని పేరు ఓగమ్. అక్షరాలంటే మనం అనుకునే ఆకారాలేవీ ఉండవు, రాయి అంచుకి ఈ పక్కన రెండు గాట్లు, ఆ పక్కన ఐదు గాట్లు, అలా లెక్క. సుమారు 400 శాసనాలు దొరికాయి, ఎక్కువ భాగం 5, 6 శతాబ్దాలవి, అంటే మన రేనాటి చోళులు తెలుగులో శాసనాలు వేయించడం మొదలుపెట్టిన రోజులూ ఆ పక్కపక్కనే. ఆ రాళ్ళ మీద ఉండే విషయం చాలా తక్కువ: ఫలానావాడిది, ఫలానావాడి కొడుకుది. ఆ 'కొడుకు' దగ్గర ఉండే మాట 'మకి', ఇంకా సరిగ్గా చెప్పాలంటే 'మక్వి'. అది షష్ఠీ విభక్తి రూపం, 'కొడుకు యొక్క' అని అర్థం. ఈ రాయి అనే మాట రాయరు, రాయి ఎదురుగానే ఉంది కాబట్టి అవసరం లేదు.

వేల్స్‌లో సెయింట్ డాగ్‌మెల్స్ అనే ఊళ్ళో ఒక రాయి ఉంది. దాని ముఖం మీద లాటిన్‌లో 'సాగ్రాని ఫిలి కునోతామి' అనీ, అంచు మీద ఓగమ్‌లో 'సాగ్రాగ్ని మక్వి కునతామి' అనీ ఉంది. ఫిలి అంటే లాటిన్‌లో కొడుకు యొక్క. ఓగమ్ చదవడం సరిగ్గా కుదిరిందా లేదా అని పండితులు సరిచూసుకోవడానికి ఇలాంటి రెండు భాషల రాళ్ళే ఆధారమయ్యాయి, ఆ లెక్కన ఒక లిపి గుట్టు విప్పడంలో ఈ కొడుకుకీ కాస్త చెయ్యుంది.

మక్వి చివర ఉన్న ఆ 'క్వ' ధ్వని పెద్ద కథే నడిపింది. ఐర్లండ్ వైపు అది మెల్లగా 'క' అయింది, మక్వి నుంచి మాక్. వేల్స్ వైపు అదే ధ్వని 'ప' అయి, మాట 'మప్' అయి, ఇప్పుడు 'మాబ్' అయింది. అందుకే గేలిక్, వెల్ష్ ఉన్న కెల్టిక్ భాషల గుంపుని క-వర్గం, ప-వర్గం అని విడదీస్తారు. నాలుగు అంకెని చూడండి: ఐరిష్‌లో కెహిర్, వెల్ష్‌లో పెద్వార్, రెండూ మన చతుర్‌కి చుట్టాలే. వెల్ష్ వాళ్ళు పేర్లలో ఈ మాబ్‌ని మొదటి అక్షరం ఊడగొట్టి 'అప్' అన్నారు, తర్వాత ఆ 'అ' కూడా ఊడి ఒక్క 'ప' మాత్రం తర్వాతి పేరుకి అతుక్కుంది. అప్ రీస్ కాస్తా ప్రైస్, అప్ హవెల్ కాస్తా పావెల్, అబ్ ఓవెన్ కాస్తా బోవెన్. కాబట్టి మెకంజీలో ముందున్న 'మెక్', ప్రైస్‌లో ముందున్న 'ప' ఒకే మాట ముక్కలు, చూసి ఎవరైనా చెప్పగలరా?

మ్యాన్ దీవిలో ఇంకో తమాషా. అక్కడ మాక్‌లో ముందుభాగం అరిగిపోయి చివరి క మాత్రం మిగిలింది. మాక్ విలియం క్విలియం అయింది, పాల్ కొడుకు క్వేల్ అయ్యాడు. ఆ దీవి పాత ఇంటిపేర్ల జాబితా తీస్తే క ధ్వనితో మొదలయ్యేవి వరసగా కనిపిస్తాయి, కారణం ఇదే. కొడుకు పోయినా చివరి హల్లు మిగిలింది.

ఈ 'ప' సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. క్లాన్ అంటే వంశం అని ఇంగ్లిషు సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు. గేలిక్‌లో దానికి అసలు అర్థం పిల్లలు, సంతానం. అది లాటిన్ 'ప్లాంటా' నుంచి అరువు తెచ్చుకున్న మాట, మొలక అని అర్థం. అప్పట్లో ఐరిష్ వాళ్ళకి 'ప' అసలు నోరు తిరిగేది కాదు, దాని బదులు వాళ్ళకి అలవాటైన క్వ పెట్టారు, అది క అయింది. వెల్ష్‌లో అదే లాటిన్ మాట 'ప్లాంట్' అనే ఉండిపోయింది, అక్కడా అర్థం పిల్లలే. మనం పిలక అనే మాటని అరటిచెట్టుకి వాడినట్టు, వాళ్ళు మొలకని మనుషులకి వాడారు.

ఇక వ్యాకరణం. తెలుగు మాస్టారు గసడదవాదేశ సంధి చెప్పినప్పుడు నిద్రపోనివాళ్ళకి ఇది సులువు. కూర, కాయ కలిస్తే కూరగాయలు, తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. రెండో మాట మొదటి హల్లు మెత్తబడుతుంది. గేలిక్‌లో దాదాపు ఇలాంటిదే భాషంతా పరుచుకుని ఉంది, బ అయినా మ అయినా మెత్తబడితే వ లాగా వినిపిస్తాయి, ద మెత్తబడితే గొంతులోంచి వచ్చే ఘ లాంటిది అవుతుంది. మాక్ అంటే కొడుకు, 'మో వాక్' అంటే నా కొడుకు. ముందు మాట అచ్చుతో అయిపోతే వెనకమాట హల్లు రెండు అచ్చుల మధ్య ఇరుక్కుని మెత్తబడటం మొదట్లో కారణం. ఆ చివరి అచ్చులు చాలావరకు ఎప్పుడో రాలిపోయాయి, మెత్తదనం మాత్రం మిగిలింది. ఓగమ్ రాళ్ళలో చూసిన 'మక్వి' చివర ఇకారం ఉంది కదా, దాని వారసుడు ఈనాటి ఐరిష్ షష్ఠీ రూపం 'మిక్', ఇకారం మాట చివరినుంచి జరిగి మధ్యలోకి వచ్చేసింది.

అందుకే ఐరిష్‌లో మెకార్తీ అనే ఇంటిపేరున్న షాన్ ఉంటే, అతను మాక్ కార్హి. అతని ఇల్లు అనాలంటే 'షాన్ విక్ కార్హి' ఇల్లు అనాలి. మన ఇల్లు 'ఇంటి' అయినట్టే మాక్ 'విక్' అయింది. పిలిచేటప్పుడు కూడా అంతే. కొడుకు అనే మాటని పిలుపులో 'కొడకా' అంటాం, నడిమి అచ్చు మారిపోతుంది. వాళ్ళు 'ఎ విక్' అంటారు. ఇది సొంత కొడుకునే కాదు, తనకంటే చిన్నవాడైన ఏ మగపిల్లాణ్ణైనా పిలవొచ్చు, మన పెద్దవాళ్ళు దారినపోయే కుర్రాణ్ణి 'ఏం నాయనా', 'ఒరే అబ్బాయ్' అన్నట్టు. పాత ఇంగ్లిషు నవలల్లో ఐరిష్ ముసలివాళ్ళు 'అవిక్' అని మాట్లాడుతుంటారు, అది ఇదే.

ఇంటిపేర్ల దగ్గరికి వస్తే, మొదట్లో మాక్ ఇంటిపేరు కానే కాదు. ఒక మనిషి ఎవరి కొడుకో చెప్పడం, అంతే. తరం మారితే పేరు మారేది. షేక్స్పియర్ పుణ్యమా అని లోకమంతా తెలిసిన మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా స్కాట్లాండ్‌ని ఏలిన నిజమైన రాజు. అతని పేరు పూర్తిగా మాక్ బెహద్ మాక్ ఫిన్లాయ్. ఇందులో రెండు మాక్‌లున్నాయి, రెండిటికీ పని వేరు. రెండోది తండ్రి పేరు చెబుతుంది, ఫిన్లాయ్ కొడుకు అని. మొదటిది సొంత పేరులో భాగం, మాక్ బెహద్ అంటే 'ప్రాణం కొడుకు', జీవపుత్రుడు అనుకోవచ్చు. విస్కీ అనే మాటకి మూలమైన 'ఉష్కె బేహా', అంటే ప్రాణజలం, అందులో ఉన్న ప్రాణమే ఇది. అంత రక్తపాతం నాటకంలో హీరో పేరులో ప్రాణం ఉండటం విచిత్రమే.

పేర్లు తరతరాలకీ స్థిరంగా ఉండిపోవడం 10, 11 శతాబ్దాల్లో మొదలైంది. 916 నాటి ఐరిష్ వార్షిక వృత్తాంతాల్లో ఓ క్లేరి అనే పేరు కనిపిస్తుంది, యూరప్‌లోనే పాత స్థిర ఇంటిపేర్లలో ఒకటిగా దీన్ని లెక్కేస్తారు. ఇక్కడ 'ఓ' అంటే మనవడు, వంశంవాడు. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రియన్ బోరు అనే రాజు వంశం వాళ్ళు ఓబ్రియన్‌లు. ఇంగ్లిషులో ఓ తర్వాత పెట్టే ఆ కామా లాంటి గుర్తు చూసి 'ఆఫ్' అనే మాటకి పొట్టి రూపం అనుకుంటారు, తప్పు. అది ఇంగ్లిషు గుమస్తాలు పెట్టింది, ఐరిష్‌లో అక్కడ దీర్ఘం గుర్తు తప్ప ఏమీ లేదు. మొత్తానికి మాక్ అంటే కొడుకు, ఓ అంటే మనవడు, ఐర్లండ్‌లో రెండూ ఉన్నాయి, స్కాట్లాండ్‌లో మాక్‌దే రాజ్యం.

ఎవరి కొడుకు అన్నదగ్గర చరిత్ర అంతా బయటపడుతుంది. వృత్తులున్నాయి: మెకింటైర్ అంటే వడ్రంగి కొడుకు, మెగోవన్ కమ్మరి కొడుకు, మెక్‌నాబ్ మఠాధిపతి కొడుకు, మెక్‌టాగర్ట్ ఏకంగా పాదిరీ కొడుకు. పాదిరీలకి కొడుకులేమిటి అని అడక్కండి, మధ్యయుగపు గేలిక్ దేశాల్లో చర్చి పదవులు వంశపారంపర్యంగా నడవడం మామూలే. మెకింటోష్ అంటే తోషక్ కొడుకు, అంటే నాయకుడి కొడుకు. ఐర్లండ్ ప్రధానమంత్రిని ఈ రోజుకీ తీషక్ అంటారే, అదే మాట.

భక్తి పేర్లు తెలుగువాళ్ళకి మరీ దగ్గరగా ఉంటాయి. గేలిక్‌లో 'గిల్ల' అంటే పనికుర్రాడు, సేవకుడు. గిల్ల ఈసా అంటే ఏసు సేవకుడు, అక్షరాలా మన యేసుదాసు. ఆ దాసుడి కొడుకు మాక్ గిల్ల ఈసా, ఇంగ్లిషులో మెకలీస్. ఐర్లండ్‌కి 1997 నుంచి 2011 దాకా అధ్యక్షురాలిగా ఉన్న మేరీ మెకలీస్ ఇంటిపేరు ఇదే. మెక్‌బ్రైడ్ అంటే బ్రిజిడ్ అనే పుణ్యస్త్రీ దాసుడి కొడుకు. మన దగ్గర రామదాసు, దేవదాసు ఎలా పుట్టాయో ఇవీ అలాగే పుట్టాయి, కాకపోతే దాసుడితో ఆగకుండా ఇంకో తరం కిందకి దిగాయి.

వైకింగులు దోచుకోడానికి వచ్చి అక్కడే పిల్లల్ని కని స్థిరపడ్డ ఆనవాళ్ళు కూడా ఇందులోనే దొరుకుతాయి. మెకైవర్ అంటే ఐవర్ కొడుకు, మెక్లౌడ్ అంటే ల్యోద్ కొడుకు, మెకాలే అంటే ఓలాఫ్ కొడుకు. ఓలాఫ్ ఫక్తు నార్వే పేరు, గేలిక్ నోటిలో పడి అవ్లై అయింది. 1835లో మన చదువుల గురించి ఆ ప్రసిద్ధమైన నివేదిక రాసిన థామస్ మెకాలే పూర్వీకులు స్కాట్లాండ్ పడమటి హెబ్రిడీస్ దీవులవాళ్ళు. కైఫీయత్తులు సేకరించిన కల్నల్ కోలిన్ మెకంజీ పుట్టింది కూడా ఆ దీవుల్లోనే, లూయిస్ దీవిలోని స్టోర్నోవే ఊళ్ళో. 1783లో మద్రాసు వచ్చి, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్ని పెట్టుకుని ఊరూరి వృత్తాంతాలూ రాయించి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయి, 1821లో చనిపోయాడు. మన పుస్తకాలకి విలువ లేదన్న మనిషీ, మన ఊళ్ళ కథలు పోగుచేసిన మనిషీ మూలాలు వెతికితే ఒకే దీవుల గుంపులో తేలతారు. వాళ్ళ ముత్తాతల భాషని కూడా అప్పటికి ఎడిన్‌బరో, లండన్ పెద్దమనుషులు మొరటు భాష అనే చూసేవారు.

మెకంజీ పేరులో ఇంకో మెలిక. అసలు గేలిక్ పేరు మాక్ కొన్యిఖ్, కొన్యఖ్ కొడుకు, అందులో 'జ' ఎక్కడా లేదు. పాత స్కాట్స్ రాతలో య ధ్వనికి 'యోఖ్' అనే అక్షరం ఉండేది, మూడు అంకెలా కనిపించేది. అచ్చుయంత్రాలు వచ్చాక ఆ అక్షరం దిమ్మలు దొరక్క, చూడ్డానికి దగ్గరగా ఉందని జెడ్ పెట్టేశారు. తర్వాతి తరాలు రాసింది రాసినట్టు చదివాయి. లెక్కప్రకారం మనం 'మెకెన్యీ కైఫీయత్తులు' అనాలి, ఇప్పుడు మార్చమంటే ఎవరూ ఒప్పుకోరు గానీ.

మరో అపోహ: మెక్ అని పొట్టిగా రాస్తే ఐరిష్, మ్యాక్ అని నిండుగా రాస్తే స్కాటిష్. ఇది ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే ఆ దేశాలవాళ్ళే పందాలు కాస్తారు. నిజానికి మెక్ అనేది గుమస్తాలు చోటు కలిసిరావాలని వాడిన సంక్షిప్తరూపం, మన దగ్గర డాక్టర్‌ని 'డా॥' అని రాసినట్టు. రెండు దేశాల్లోనూ రెండు రకాలూ ఉన్నాయి, ఒకే కుటుంబంలో అన్న ఒకలా తమ్ముడు ఒకలా రాసుకున్నవీ ఉన్నాయి. పాత టెలిఫోన్ డైరెక్టరీల్లో, లైబ్రరీ కార్డుల్లో ఈ తలనొప్పి భరించలేక రెండిటినీ ఒకటిగా లెక్కేసి ఒకేచోట పేర్చేవారు.

ఇప్పుడు కూతుళ్ళు. మాక్ అంటే కొడుకు అయినప్పుడు ఆడపిల్లని 'ఫలానావాడి కొడుకు' అని ఎలా రాస్తారు? ఇంగ్లిషులో ఎవరూ పట్టించుకోరు, గేలిక్‌లో పట్టించుకుంటారు. మెకార్తీల ఇంటి ఆడపిల్ల 'నిక్ కార్హి'. 'కొడుకు కూతురు' అని పలికే రెండు మాటలు, ఇనీన్ విక్, నలిగి నిక్ అయ్యాయి. ఓబ్రియన్‌ల పిల్ల అయితే 'నీ వ్రియన్', చూశారా బ మళ్ళీ వ అయింది. పెళ్ళి చేసుకుని ఆ ఇంటికొచ్చిన కోడలు ఇంకో రూపం, 'విక్ కార్హి', ముందు భార్య అనే మాట ఉన్నా లేకున్నా. మేరీ మెకలీస్‌కి అది భర్తగారి ఇంటిపేరు, అందుకే ఐరిష్‌లో ఆమె పేరు మాయ్‌రె విక్ యిల్ల ఈసా. తెలుగింట్లో పెళ్ళయితే ఇంటిపేరు ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. అక్కడ పేరు వినగానే ఆ మనిషి ఆ ఇంటి మగవాడా, ఆడపడుచా, కోడలా అని తేలిపోతుంది. ఇది సౌకర్యమా, ఆడవాళ్ళకి మాత్రమే వేసిన ముద్రా అన్నది వాళ్ళలోనే వాదనగా ఉంది, పెళ్ళయినా పుట్టింటి నిక్ వదలనివాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆ ఓగమ్ రాళ్ళలో దాదాపు అందరూ కొడుకులే. వేల్స్‌లో ఎగ్లూయిస్ గమిన్ అనే ఊరి చర్చిలో ఉన్న రాయి మీద మాత్రం అవిటోరియా అనే స్త్రీ పేరు ఉంది, కునిగ్నస్ కూతురు అని లాటిన్‌లో 'ఫిలియా', ఓగమ్‌లో 'ఇనిగెనా' అని చెక్కారు. ఆ ఇనిగెనా ఈనాటి ఇనీన్. నిక్‌లో, నీలో దాక్కున్న కూతురు ఆవిడే.

పేరు ముందు రెండక్షరాలే కదా అనుకుంటే పొరపాటు, వాటి కోసం చట్టాలు వచ్చాయి. 1465లో ఇంగ్లిషు ఏలుబడిలో ఉన్న డబ్లిన్ చుట్టుపక్కల ఐరిష్ వాళ్ళంతా ఇంగ్లిషు పేర్లు పెట్టుకోవాలని శాసనం చేశారు, ఊరి పేరో రంగు పేరో వృత్తి పేరో ఏదో ఒకటి, స్మిత్, కుక్, బ్రౌన్ లాంటివి. కమ్మరి కొడుకు మెగోవన్ చాలాచోట్ల స్మిత్ అయిపోయాడు. స్కాట్లాండ్‌లో 1603లో ఆరవ జేమ్స్ రాజు మెక్‌గ్రెగర్ అనే పేరునే నిషేధించాడు. ఆ పేరు చెప్పుకుంటే చావే. వాళ్ళు తల్లి వైపు పేర్లో, పక్క వంశాల పేర్లో తగిలించుకుని బతికారు, ఆ వంశంలో పేరుమోసిన రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ అంతటివాడు క్యాంప్‌బెల్ అని సంతకం పెట్టాడు. మధ్యలో ఒకసారి ఎత్తేసి మళ్ళీ పెట్టి, చివరికి 1774లో పూర్తిగా తీసేశారు. రోడ్ల మెకాడమ్ వంశం వాళ్ళు కూడా ఒకప్పుడు మెక్‌గ్రెగర్లేననీ, నిషేధం దెబ్బకి ఆదాము కొడుకులమని రాయించుకున్నామనీ ఆ ఇంటి కథనం. ఆదాము కొడుకు అంటే ఏ అధికారి మాత్రం కాదనగలడు?

ఐర్లండ్‌లో ఊడిపోయిన మాక్‌లూ ఓలూ 19వ శతాబ్దం చివర్లో తిరిగి అతుక్కోవడం మొదలైంది, 1893లో ఐరిష్ భాషని నిలబెట్టడానికి గేలిక్ లీగ్ అనే సంఘం పుట్టాక అది ఒక ఆత్మాభిమానం వ్యవహారం అయింది. దీనికి తలకిందుల కథ కూడా ఉంది. ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు తెచ్చిన ఫిట్జ్‌జెరాల్డ్‌లో ఫిట్జ్ అంటే ఫ్రెంచిలో కొడుకు, వాళ్ళు ఐరిష్‌లో కలిసిపోయి మాక్ గెరల్ట్ అయ్యారు. అటు అచ్చమైన గేలిక్ వాళ్ళయిన మాక్ గిల్ల ఫాద్రిగ్, అంటే పాట్రిక్ దాసుడి కొడుకు వంశం, ఫిట్జ్‌పాట్రిక్ అయింది.

పేర్లని పక్కన పెడితే మాక్ అసలు అందం మామూలు మాటల్లో ఉంది. ఐరిష్‌లో తోడేలుని 'మాక్ తీరె' అంటారు, నేల కొడుకు, దేశం కొడుకు అని. ఆ జంతువుని అసలు పేరుతో పిలవడానికి జనం జంకితే ఇలాంటివే పుడతాయి, మన ఊళ్ళలో రాత్రిపూట పాము అనకుండా పురుగు అన్నట్టు. ప్రతిధ్వని అంటే స్కాటిష్ గేలిక్‌లో 'మాక్ తల్లా', కొండరాయి కొడుకు. కెనడాలోని కేప్ బ్రెటన్ దీవికి వలసపోయిన గేలిక్ జనం 1892 నుంచి 1904 దాకా పూర్తిగా గేలిక్‌లో నడుపుకున్న పత్రిక పేరు కూడా ఇదే, సముద్రం అవతలి నుంచి వచ్చే ప్రతిధ్వని. చెడు సలహా విని చెడిపోయేవాడు దురాలోచన కొడుకు, సైతాను శాపం కొడుకు. కంటిపాపకి ఐరిష్‌లో 'మాక్ ఇమ్రిష్క్' అనే మాట ఉంది, కంటిలోని కొడుకన్నమాట. ఎదుటివాడి కంట్లో మన బొమ్మ బుల్లిగా కనిపిస్తుంది కాబట్టి తెలుగు దాన్ని పాప అంది, లాటిన్ బొమ్మ అంది, ఐరిష్ కొడుకు అంది. ఎవరి దగ్గర ఎవరూ అరువు తెచ్చుకోనక్కర్లేదు, కళ్ళలోకి చూస్తే చాలు.

విద్యార్థి 'మాక్ లేన్', చదువుల కొడుకు. అమ్మాయి చదివినా మాక్ లేనే, ఐర్లండ్ విద్యార్థి సంఘం ఐరిష్ పేరులో ఉన్నదీ ఈ మాటే. ఇంటిపేరులో కూతుర్ని అంత పట్టుగా వేరుచేసే భాష కాలేజీ దగ్గరికొచ్చేసరికి అందర్నీ కొడుకుల్లో కలిపేసింది, భాషలకి లాజిక్ అడగకూడదు.

గేలిక్ దాటి బయటికొచ్చాక మాక్ పూర్తిగా సరుకు అయిపోయింది. జాన్ లౌడన్ మెకాడమ్ 1756లో స్కాట్లాండ్‌లోని ఎయిర్‌లో పుట్టాడు, కింద పెద్ద బండలు పేర్చక్కర్లేదు, చిన్నగా కొట్టిన కంకర పొరలు పొరలుగా వేస్తే బండ్ల బరువుకి అవే బిగుసుకుంటాయి అని నిరూపించాడు. ఆ పద్ధతికి తర్వాతివాళ్ళు నీళ్ళు చల్లి రోలర్ తిప్పడం కలిపారు, అదే మన పంచాయతీరాజ్ ఇంజనీర్లు ఎస్టిమేట్లలో రాసే వాటర్ బౌండ్ మెకాడమ్. కంకరకి తారు కలిపితే టార్మెకాడమ్, దాన్ని కత్తిరిస్తే టార్మాక్. తెలుగులో తారు ఉండిపోయి కొడుకు ఎగిరిపోయాడు, తారురోడ్డు అంటాం.

చార్లెస్ మెకింటోష్ 1823లో పేటెంటు తీసుకున్న రబ్బరు పూత గుడ్డ వల్ల వానకోటుకి మెకింటోష్ అని పేరొచ్చింది. కెనడాలో జాన్ మెకింటోష్ అనే రైతు పొలంలో దొరికిన ఆపిల్ రకానికి ఆయన పేరే పెట్టారు. ఆ ఆపిల్ ఇష్టపడిన జెఫ్ రాస్కిన్ అనే ఇంజనీరు ఆపిల్ కంపెనీలో తను మొదలుపెట్టిన కంప్యూటర్‌కి ఆ పేరు పెడితే, అప్పటికే అదే పేరుతో ఒక ఆడియో కంపెనీ ఉండటంతో స్పెల్లింగు కాస్త మార్చారు, 1984లో అది మార్కెట్లోకి వచ్చింది. తర్వాత మెకింటోష్‌ని నరికి మ్యాక్ చేశారు. నాయకుడి కొడుకులో నాయకుడు పోయి కొడుకు ఒక్కడే మిగిలాడు. ఐరిష్ తెలిసినవాడికి మ్యాక్‌బుక్ అంటే కొడుకు పుస్తకం అనే వినిపిస్తుంది.

మెక్‌డొనాల్డ్ అంటే దోనల్ కొడుకు, ఆ దోనల్ పేరుకి పాత అర్థం లోకాన్ని ఏలేవాడు. అమెరికాలో ఆ హోటల్ మొదలుపెట్టిన రిచర్డ్, మారిస్ అన్నదమ్ముల తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. వ్యాపారం పెరిగాక 'మెక్' అనే ముక్క ఇంగ్లిషులో కొత్త అర్థం తెచ్చుకుంది, చవకబారు, అచ్చుపోసినట్టు ఉండేది అని. ఎదుగూబొదుగూ లేని చిన్న ఉద్యోగాన్ని మెక్‌జాబ్ అంటారు, 2003లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ఆ మాటని చేర్చుకుంటే కంపెనీ గట్టిగానే అభ్యంతరం చెప్పింది. కొడుకు అనే మాట ఒక భాషలో చవకకి పర్యాయపదం అవుతుందని ఆ ఓగమ్ రాళ్ళు చెక్కినవాడు కలలో కూడా అనుకుని ఉండడు.

చివరికి ఈ మాట కోర్టుకి కూడా ఎక్కింది. ఐర్లండ్‌లో గాల్వే జిల్లా బాలినస్లో ఊళ్ళో 1978లో సూపర్‌మాక్స్ అనే హోటల్ పుట్టింది. యజమాని పాట్ మెక్‌డోనా, స్కూల్లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడేటప్పుడు వచ్చిన ముద్దుపేరు సూపర్‌మాక్. ఆయన ఇంటిపేరుకి అర్థం దొనహ కొడుకు. యూరప్‌లో విస్తరిద్దామంటే బిగ్ మ్యాక్ అనే బర్గర్ పేరు మాది, జనం గందరగోళపడతారు అని దోనల్ కొడుకుల కంపెనీ అడ్డుపడింది. దొనహ కొడుకు ఊరుకోలేదు, 2017లో ఆ ట్రేడ్‌మార్కే రద్దు చెయ్యమని యూరోపియన్ యూనియన్ కార్యాలయంలో పిటిషన్ వేశాడు. 2019లో రద్దయింది, 2022లో అప్పీలులో కొంత తిరిగొచ్చింది, 2024 జూన్‌లో జనరల్ కోర్టు ఇంకొంత కోసేసింది. ఐదేళ్ళపాటు కోడిమాంసం బర్గర్ల మీద ఆ పేరు నిజంగా వాడినట్టు కంపెనీ రుజువు చెయ్యలేకపోయిందట. ఆ తీర్పు ప్రకారం యూరప్‌లో గొడ్డుమాంసం బర్గర్ మీద బిగ్ మ్యాక్ వాళ్ళదే, కోడి బర్గర్ మీద కాదు. మన దేశంలో అయితే అసలు బిగ్ మ్యాకే అమ్మరు, ఇక్కడ కోడితో చేసి మహారాజా మ్యాక్ అని పేరు పెట్టారు.